మిత్రుని మెప్పు – లక్ష్మాగౌడ్ మిశ్రమ మాధ్యమం

ఆళ్ళగడ్డ ప్రాంతంలో చాలా ఏళ్ళుగా డ్రాయింగు మాస్టరుగా పనిచేస్తున్న మిత్రుడొకరు ఇటీవల కె. లక్ష్మాగౌడ్ మిశ్రమ మాధ్యమ చిత్రాలను గురించి ఒక ప్రశంసావ్యాసం రాశారు. అచ్చుకు పంపేముందు అభిప్రాయం చెప్పమని నాకు ఇచ్చారు. చదివాను. చిత్రకళ మీద మన పత్రికల్లో వ్యాసాలు రావడమే అరుదు. వచ్చినా చాలా వాటిలో బొమ్మ కనిపించదు, వ్యాసకర్త ఉద్వేగం మాత్రమే కనిపిస్తుంది. మిత్రుని వ్యాసం అంతకంటే మెరుగైనదే. ఆయన కుంచె పట్టినవారు కనుక రంగుల సంగతి తెలిసి మాట్లాడారు. అయినా ఆ వ్యాసంతో నాకు పేచీ వుంది. ఆ పేచీని నోటితో చెప్పి వూరుకోకుండా రాయమని ఆయనే అడిగారు. రచయితలకూ, సాహిత్య విద్యార్థులకూ దీనితో పని వుందని నమ్మి రాస్తున్నాను.

మిత్రుని వాదం మూడు మాటల్లో ఇది. లక్ష్మాగౌడ్ బహుముఖ ప్రజ్ఞాశాలి. ఏ మాధ్యమమైనా ఆయన చేతికి లొంగుతుంది. కాగితం మీద సిరా, జలవర్ణం, గువాష్, పాస్టెల్ కలిపి వేసిన ఇటీవలి బొమ్మల్లో ఆయన అరవయ్యేళ్ళ సాధన అంతా, నదులన్నీ సముద్రంలో కలిసినట్టు, కలిసిపోయింది. ఈ మూడు మాటల్లో ప్రతిదాని వెనకా ఒక ఆలోచనా విధానం వుంది. ఆ విధానాన్ని మనం సాహిత్యంలో కూడా రోజూ వాడుతున్నాం. కనుక ఒక్కొక్కటే చూద్దాం.

1

ముందు 'బహుముఖ ప్రజ్ఞ'. లక్ష్మాగౌడ్ 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. హైదరాబాదు ప్రభుత్వ లలితకళల కళాశాలలో చదివి, 1963లో బరోడా వెళ్ళి అక్కడి విశ్వవిద్యాలయంలో కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర కుడ్యచిత్రకళ నేర్చుకున్నారు. ముద్రణచిత్రకళ కూడా అక్కడే పట్టుబడింది. తిరిగివచ్చి కొంతకాలం హైదరాబాదు దూరదర్శన్‌లో పనిచేశారు. తర్వాత హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీ సరోజినీ నాయుడు స్కూల్లో బోధించారు. 2016లో పద్మశ్రీ వచ్చింది. పెన్సిలు, సిరా, ఎచింగ్, ఆక్వాటింట్, జలవర్ణం, గువాష్, పాస్టెల్, అద్దం మీద బొమ్మ, కాల్చిన మట్టి, కంచు – ఇవన్నీ ఆయన పనిచేసిన మాధ్యమాలు. జాబితా పెద్దదే. దీనిని మిత్రుడు జన్మతో వచ్చిన వరంగా చూశారు. వ్యాసంలో సుబ్రహ్మణ్యన్ పేరు ఒక్కసారి, అదీ చదువు చెప్పిన గురువుగా మాత్రమే వస్తుంది.

నా అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. 1924లో పుట్టి 2016లో చనిపోయిన సుబ్రహ్మణ్యన్ శాంతినికేతనంలో నందలాల్ బోస్, వినోదవిహారి ముఖర్జీల దగ్గర తయారైన మనిషి. చిత్రకారుడికీ చేతిపనివాడికీ మధ్య గోడ ఎవరు కట్టారన్నది ఆయన జీవితమంతా వేసుకున్న ప్రశ్న. బ్రిటిషువారి హయాంలో 1850లో మద్రాసులోనూ, ఆ తర్వాత కొద్ది ఏళ్ళలోనే కలకత్తా, బొంబాయిలలోనూ కళాపాఠశాలలు వెలిశాయి. వాటి పాఠాల్లో లలితకళ ఒక అరలోకీ, చేతిపని మరొక అరలోకీ చేరాయి. లలితకళ చేసేవాడు కళాకారుడు, రెండోది చేసేవాడు పనివాడు. ఈ విభజనను సుబ్రహ్మణ్యన్ ఒప్పుకోలేదు. తానే మట్టిపలకలతో గోడలు నింపారు, బొమ్మలు చేశారు, అద్దం మీద వేశారు. లక్నోలో రవీంద్రాలయం గోడ మీద 1960ల మొదట్లో ఆయన చేసిన మట్టి కుడ్యచిత్రం ఆ ఆలోచనకు పెద్ద నిదర్శనం. ఆయన శిష్యుడు రాగిరేకు నుంచి మట్టికీ, మట్టి నుంచి అద్దానికీ వెళ్ళాడంటే అది ఒక వ్యక్తి ప్రతిభ మాత్రమే కాదు. దాని వెనక ఒక ఆలోచనా సంప్రదాయం, కళలో ఎక్కువతక్కువలను ప్రశ్నించిన ఒక ధోరణి వున్నాయి. 'ప్రజ్ఞ' అని తేల్చేస్తే ఆ ధోరణి మరుగున పడుతుంది.

ఇంకొక సంగతి. చేర్యాల నకాషీ కళాకారుణ్ణి తీసుకోండి. ఖద్దరు గుడ్డకు గంజీ, సుద్దా, చింతగింజల జిగురూ పట్టించి, కులపురాణాలు చెప్పే కథకుల కోసం బారెడు పటాలు వేస్తాడు. అదే చేత్తో రంపపుపొట్టూ చింతజిగురూ కలిపి ముఖాలు, బొమ్మలు చేస్తాడు. నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవారు తోలును పలచబరుస్తారు, రంధ్రాలు పొడుస్తారు, రంగులు అద్దుతారు, కీళ్ళు కుడతారు. మా ఆళ్ళగడ్డ శిల్పి రాతి మీద ముందు బొమ్మ గీసుకుంటాడు, కొలత పెట్టుకుంటాడు, ఉలితో చెక్కుతాడు, నునుపు పడతాడు. ఇప్పుడు కరెంటు మిషను కూడా పట్టుకుంటాడు. దేవుణ్ణీ చెక్కుతాడు, నాయకుణ్ణీ చెక్కుతాడు. వీళ్ళలో ఎవరినైనా మనం బహుముఖ ప్రజ్ఞాశాలి అన్నామా? అనలేదు. 'పనితనం' అన్నాం. ఒకే గుణానికి చదువుకున్నవాడి విషయంలో ఒక మాట, చదువుకోనివాడి విషయంలో ఇంకొక మాట వాడుతున్నాం. ఈ తేడా భాషలోది కాదు, వర్గానిది. లక్ష్మాగౌడ్‌ను నిజంగా గౌరవించదలచినవారు ఆయనను ఈ పనివాళ్ళ పక్కన నిలబెట్టాలి. ఆయన బొమ్మలే అలా నిలబెట్టమని అడుగుతున్నాయి.

2

రెండోది, 'లొంగడం'. మాధ్యమం కళాకారుడికి లొంగుతుందన్నది విమర్శకులకు ఇష్టమైన మాట. భాష ఫలానా కవికి దాసోహమన్నదని మనం రాస్తూనే వుంటాం. దొర – బానిస సంబంధాన్ని కళలోకి తెచ్చి పెట్టే ఈ ఉపమానాన్ని అభ్యుదయ విమర్శకులు కూడా ఎందుకు మోస్తున్నారో నాకు అర్థం కాదు. పని జరిగే తీరు చూస్తే ఈ మాట నిలవదు.

ఎచింగ్ ఎలా జరుగుతుందో చూడండి. రాగి లేక జింకు రేకు మీద మైనపు పూత పూస్తారు. సూదితో ఆ పూత మీద గీస్తారు. గీసినచోట మైనం పోయి లోహం బయటపడుతుంది. రేకును ఆసిడ్‌లో వుంచితే ఆసిడ్ ఆ గీతను తింటుంది. కొద్దిసేపు వుంచితే సన్నని గీత, ఎక్కువసేపు వుంచితే లోతైన నల్లని గీత. తర్వాత సిరా పట్టించి, పైపైన తుడిచి, తడికాగితం వేసి యంత్రంలో నొక్కుతారు. బొమ్మ తిరగబడి అచ్చవుతుంది. ఇందులో గీత గీసింది మనిషే, కానీ గీతకు లోతు ఇచ్చింది ఆసిడ్. మనిషి చేయగలిగింది కాలాన్ని లెక్కపెట్టుకుంటూ కాచుకుని వుండడం. లక్ష్మాగౌడ్ 1960లు, 70లలో చేసిన నలుపు తెలుపు పనుల్లో కనిపించే దట్టమైన సన్నగీతల అల్లిక, వెంట్రుకలాంటి గీత పక్కనే ముళ్ళలాంటి గీత, ఈ కాచుకోవడంలోంచి వచ్చినవి.

అద్దం పని ఇంకోరకం పరీక్ష. అద్దానికి వెనకవైపున వేసి ముందువైపు నుంచి చూడాలి. మామూలు బొమ్మలో చివర వేసే కనుబొమ, ముక్కుపుడక, నుదుటిబొట్టు ఇక్కడ మొదట వేయాలి. తర్వాత ముఖం రంగు, ఆ తర్వాత బట్ట, అన్నిటికంటే చివర వెనకటి తెర. ఒకసారి పైన రంగు పడ్డాక మొదటి గీతను దిద్దడానికి లేదు. అంటే ముగింపు తెలియనిదే ప్రారంభించడానికి వీల్లేని పని. పద్దెనిమిదో శతాబ్దంలో విదేశాల నుంచి మన రేవులకు వచ్చి, క్రమంగా బజారు కళగా స్థిరపడిన ఈ పద్ధతిని బరోడాలో చదివిన ఒక ఆధునికుడు ఎందుకు ఎత్తుకున్నాడు? వేగంగా గీసే చేతికి అది పగ్గం వేస్తుంది. పలుచని గీతకు చదునైన ముద్దరంగును జోడిస్తుంది.

మట్టి సంగతి వేరు. అది ఎండేటప్పుడు కుంచించుకుపోతుంది. తడి నిలిచినచోట ఆవంలో పగులుతుంది. కంచుపనిలోనైతే మైనపు బొమ్మ కరిగిపోయాకనే కంచు పుడుతుంది, అక్కడ పోతపనివాళ్ళ చేయి లేకుండా ఏదీ జరగదు.

ఈ విషయంలో మన తెలుగువాడే మరొకడు గొప్ప సాక్షి. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టి, 2018లో న్యూయార్కులో కన్నుమూసిన కృష్ణారెడ్డి శిల్పవిద్య నేర్చి పారిస్‌లో హేటర్ నడిపిన ముద్రణశాలలో చేరారు. రేకును శిల్పంలాగా వేరువేరు లోతుల్లో చెక్కి, చిక్కదనంలో తేడావున్న సిరాలను గట్టి రోలరుతో ఒకటీ మెత్తని రోలరుతో ఒకటీ ఎక్కిస్తే, ఒకే అచ్చులో అన్ని రంగులూ ఒకదాన్నొకటి తోసుకోకుండా నిలుస్తాయని అక్కడ అందరూ కలిసి చేసిన ప్రయోగాల్లో తేలింది. ఆ పద్ధతికి ప్రపంచవ్యాప్తంగా ఆయన పేరు ముడిపడింది. పలుచని నూనెకూ చిక్కని నూనెకూ సహజంగా వున్న విరోధాన్ని గమనించి, ఆ విరోధంతోనే పని చేయించుకోవడం అది. జయించడం అనే మాట దానికి అతకదు. పదార్థంతో మనిషికి వుండే సంబంధం గతితార్కికమైనదని మనం సభల్లో చెబుతూ వుంటాం. ముద్రణశాలలో అది చేతికి తగిలే నిజం.

కనుక లక్ష్మాగౌడ్ విషయంలో నేను చెప్పేది ఇది: మాధ్యమాలు ఆయనకు లొంగలేదు. మాధ్యమం మారినప్పుడల్లా ఆయన మారవలసివచ్చింది. ఆయన గొప్పతనం ఆ మారడానికి సిద్ధపడడంలో వుంది. రచయితలు దీన్ని తమ పనికి అన్వయించుకోవచ్చు. కథ రాసే చెయ్యి నాటకానికి వచ్చినప్పుడు, గేయం రాసే చెయ్యి నవలకు వచ్చినప్పుడు కొత్త ప్రక్రియ ఎదురుతిరగాలి. ఎదురుతిరగలేదంటే రచయిత కొత్త ప్రక్రియలోకి రాలేదు, పాతదానికే కొత్త పేరు పెట్టాడన్నమాట.

3

ఇక మూడోది, అసలు విషయం: కలయిక. మిశ్రమ మాధ్యమం అనే మాటకు మిత్రుడు ఇచ్చిన అర్థం 'రకరకాల రంగుసామగ్రిని ఒకే బొమ్మలో వాడడం'. నిఘంటువుకు అది చాలు. విమర్శకు చాలదు. చరిత్రలో ఈ కలపడానికి రెండు దారులు వున్నాయి.

మొదటిది ఐరోపాలోది. 1912లో పికాసో ఒక నిశ్చలచిత్రంలో కుర్చీ పేము అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్క అతికించి, చుట్టూ అంచుకు తాడు కట్టాడు. బజారు వస్తువు బొమ్మలోకి జొరబడింది, బొమ్మ పవిత్రత భంగమైంది. దాన్ని రాజకీయాయుధంగా మార్చినవాడు జర్మన్ కమ్యూనిస్టు జాన్ హార్ట్‌ఫీల్డ్. పత్రికల ఫోటోలను కత్తిరించి, ఒకదాని పక్కన ఒకటి అతికించి, హిట్లర్ వెనకాల వున్న డబ్బును చూపించాడు. ఈ దారిలో మాధ్యమాలు కలవవు, ఢీకొంటాయి. అతుకు దాచరు, చూపిస్తారు. అర్థం పుట్టేది ఆ అతుకులోంచే.

రెండోది మన పనివాళ్ళ దారి. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ, పాలు, పటిక, ఇనుమూ బెల్లమూ నానబెట్టిన కసిమి, వేరురంగు – ఇన్ని పదార్థాలు ఒక గుడ్డ మీద పనిచేస్తాయి. అయినా చూసేవాడికి ఒకే బొమ్మ కనిపిస్తుంది. ఇక్కడ ఒకదాని పని ఇంకొకటి అందుకుంటుంది. అతుకు కనిపించకపోవడమే పనితనం.

లక్ష్మాగౌడ్ ఇటీవలి బొమ్మలు ఈ రెండో దారివి. వాటిలో నాకు కనిపించేది ఇది. కింద సిరాగీత వుంటుంది. అది ఎచింగ్ రోజుల గీతే: పక్కపక్కనే, అడ్డంగా, అల్లుకుంటూ, చర్మం మీది ముడతనూ మేకవెంట్రుకనూ ఒకే శ్రద్ధతో పట్టుకుంటుంది. దాని మీద జలవర్ణం పలుచగా పారుతుంది. గువాష్ వచ్చి కొన్నిచోట్ల గీతను మూసేస్తుంది. ఈ ముద్దదనం అద్దం బొమ్మల్లోది. పాస్టెల్ దుమ్ములాగా పరుచుకుని బుగ్గకూ భుజానికీ గుండ్రదనం ఇస్తుంది. ఆ గుండ్రదనం మట్టిపనిలోంచి వచ్చిందని నా అనుమానం. మట్టితో ముఖం చేసినవాడు బుగ్గను గీతగా ఆలోచించలేడు. ఇన్ని జరిగాక మళ్ళీ పైన సన్నగీత తేలుతుంది.

కాబట్టి మిత్రుడు చెప్పిన సంగమం అబద్ధం కాదు. ఒక మనిషి చేసిన వేరువేరు పనుల జ్ఞాపకం ఒక కాగితం మీద చేరింది. కానీ సముద్రంలో కలిసిన నదికి తన రుచి పోతుంది. అది లాభమా, నష్టమా? మిత్రుడు ఈ ప్రశ్న వేసుకోలేదు. నేను వేస్తున్నాను. సమాధానం కోసం బొమ్మలో వున్నదేమిటో, వస్తువు ఏమిటో చూడక తప్పదు.

4

లక్ష్మాగౌడ్ తొలి బొమ్మలు మగ ఆడ దేహాలను దాపరికం లేకుండా చూపించాయి. చెట్టుబోదెలోంచి తొడ మొలుస్తుంది. మేకముఖం మనిషిచూపు చూస్తుంది. వేరు, కొమ్ము, జుట్టు, పురుషాంగం ఒకదానిలోంచి ఒకటి పుడతాయి. అభ్యుదయ శిబిరంలో ఇలాంటి బొమ్మలకు అలవాటుగా పడే ముద్ర 'క్షీణ బూర్జువా కళ'. మర్యాదస్తుల శిబిరంలో పడే ముద్ర 'బూతు'. రెండు శిబిరాలూ ఒకే చోట కలవడమే అనుమానించవలసిన విషయం. పల్లెలో పెరిగిన మనిషి పట్నపు మధ్యతరగతి ముసుగును చూసి, పల్లెలోని నిస్సంకోచాన్ని దానికి ఎదురు నిలబెట్టాడు. ఆ కోపం ఆ గీతల్లో వుంది. మిత్రుడు ఈ దశను సమర్థించారు. ఆ సమర్థనతో నాకు పేచీ లేదు.

అహోబిలం దగ్గర పిల్లలకు పాఠం చెప్పేవాడిగా ఒక మాట చేర్చగలను. సగం మనిషి, సగం మృగం అనే రూపం మా ప్రాంతపు పిల్లలకు వింత కాదు. ఉగ్రస్తంభం చూపించి కథ చెబితే అయిదో తరగతి పిల్లవాడు కూడా మిగతా కథ తానే చెబుతాడు. చెంచులక్ష్మిని వలచి వచ్చిన నరసింహుడూ వాళ్ళకు తెలుసు. కనుమ నాడు మొదలయ్యే పారువేటలో ఆ దేవుడు పల్లకిలో పల్లెలు తిరుగుతాడు. చెంచులు ఆయనను అల్లుడంటారు. ఆ అల్లరికం చెంచుల బతుకును మార్చలేదన్నది వేరే కథ. అడవికీ గుడికీ, మృగానికీ మనిషికీ, కామానికీ భక్తికీ మధ్య మన పురాణాలు కట్టిన గోడ చాలా పలుచనిది. లక్ష్మాగౌడ్ మనిషి – మేక – చెట్టు రూపాలను పాశ్చాత్య అధివాస్తవికతకు నకలుగా చూడవలసిన అవసరం లేదు. ఇక్కడి మట్టిలోనే దానికి వేళ్ళున్నాయి.

అయితే పోలిక ఇంతటితో ఆగితే అది కూడా మెప్పే అవుతుంది. స్తంభంలోంచి వచ్చిన సగం మృగం ఒక రాజు పొట్ట చీలుస్తుంది. లక్ష్మాగౌడ్ సగం మృగం ఎవరి పొట్టా చీల్చదు. అది కోరుకుంటుంది, కాచుకుంటుంది, చూస్తుంది. దానికి ఎదుట రాజు లేడు. ఆయనకు ఎనిమిదేళ్ళ వయసులో, 1948లో, నిజాం రాజ్యం పోయింది. ఆయన పుట్టిన తెలంగాణలో దొర వున్నాడు, గడీ వుంది, వెట్టి వుంది, వాటి మీద తిరుగుబాటు వుంది. అదే తెలంగాణ పల్లెను దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు' నవలలో చూసినప్పుడు దొర, కరణం, ఆడబాప – ముగ్గురూ కనిపించారు. లక్ష్మాగౌడ్ పల్లెలో ఆడబాప దేహం వుండవచ్చు, దొర మాత్రం లేడు. కోరిక నిస్సంకోచంగా వుంది సరే. ఎవరి కోరికకు ఎవరు బలి అయ్యారన్న ప్రశ్నకు ఆ కాగితం మీద చోటు లేదు.

తొలి ఎచింగుల్లో ఈ లోటును మాధ్యమం కొంత పూడ్చింది. ఆసిడ్ తిన్న గీతలో హింస వుంది. దేహాలు సుఖంగా లేవు. నలుపులో ఏదో ఉక్కిరిబిక్కిరి వుంది. దొర బొమ్మ లేకపోయినా దొరతనపు ఊపిరాడనితనం ఆ గీతలో వుందని వాదించవచ్చు, నేను వాదిస్తాను. ఇటీవలి మిశ్రమ మాధ్యమంలోకి వచ్చేసరికి ఆ గీత మీద రంగు పడింది. తలపాగా చుట్టిన మగవాడూ, ముక్కుపుడక పెట్టిన ఆడదీ, పక్కన మేకా ఇప్పుడు నిండుగా, నిమ్మళంగా, అందంగా వున్నారు. గువాష్ మూసిన చోట గీతతోబాటు ఆ ఉక్కిరిబిక్కిరి కూడా మూతపడింది. నేను నష్టమంటున్నది దీన్ని. రుచి పోయిందంటున్నది ఇక్కడ.

దీనికి కారణం వయసు అనవచ్చు, ప్రశాంతత అనవచ్చు. మిత్రుడు 'పరిపక్వత' అన్నారు. బజారు అనే మాటను కూడా ఆ వరసలో పెట్టాలి. పల్లె ముఖం నగరంలోని డ్రాయింగురూమ్ గోడ మీదకు వెళ్ళే దారిలో కొంత నునుపు తేలుతుంది. ఇది ఒక్క లక్ష్మాగౌడ్ సంగతి కాదు. ఆయనలాగే బరోడాలో సుబ్రహ్మణ్యన్ దగ్గర చదివిన తోట వైకుంఠం ఉదాహరణ ఇంకా స్పష్టంగా వుంటుంది. పెద్ద బొట్టు, నిండు రంగు చీర, నల్లని మెరిసే చర్మం – వైకుంఠం తెలంగాణ స్త్రీ ఈనాడు అందరికీ తెలిసిన బొమ్మ. కాన్వాసు మీద ఆమె అలంకారం. కానీ అదే వైకుంఠం బి. నర్సింగరావు తీసిన 'దాసి' చిత్రానికి 1988లో కళాదర్శకత్వం వహించి జాతీయ బహుమతి అందుకున్నారు. గడీ గోడల మధ్య, ఆ నడవాల్లో, ఆ వాకిట్లో అదే చీర, అదే బొట్టు దాస్యానికి గుర్తులయ్యాయి. చెయ్యి ఒకటే, కన్ను ఒకటే, రంగు కూడా ఒకటే. చుట్టూ వున్న సంబంధాలు కనబడేసరికి అర్థం తలకిందులైంది. రూపం వర్గాతీతం అనేవాళ్ళకూ, వస్తువే సర్వస్వం అనేవాళ్ళకూ ఇద్దరికీ ఈ ఉదాహరణ సమాధానం చెబుతుంది.

5

ఇంత చెప్పాక లక్ష్మాగౌడ్‌ను తక్కువ చేస్తున్నానని ఎవరైనా అనుకుంటే అది నా ఉద్దేశం కాదు. తెలుగునేల మీద గీత అంటే ఏమిటో ఆయనంత లోతుగా చూపించినవారు కొద్దిమందే. ఇటీవలి బొమ్మల్లో కూడా రంగు మీద మళ్ళీ తేలే ఆ సన్నగీత నాకు ముఖ్యంగా తోస్తుంది. అక్కడక్కడ, కంటికొనలో, చేతివేళ్ళ ముడుపుల్లో, మేకకొమ్ము మలుపులో, రంగుతో రాజీపడని గీత ఒకటి మిగిలివుంది. నదులన్నీ సముద్రంలో కలిశాయని మురిసిపోయేవారికి అది కనబడదు. కలవకుండా నిలిచినదాన్ని వెతికేవారికి కనబడుతుంది. ఆ గీతను చూపించడం మిత్రుడు చేయవలసిన పని. కుంచె పట్టినవాడు కనుక నాకంటే ఆయనే బాగా చేయగలడు.

1943లో తెనాలిలో అరసం పుట్టింది. అదే ఏడు చిత్తప్రసాద్ మిడ్నపూర్ కరువు పల్లెల్లో కాలినడకన తిరిగి, ఆకలి ముఖాలను సిరాతో గీశాడు. ఆ పుస్తకం ప్రతులను ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టింది. ఆయన ఆ తర్వాత లినోలియం మీద బొమ్మలు చెక్కాడు. తక్కువ ఖర్చుతో ఎక్కువ ప్రతులు తీయవచ్చుననేదీ ఆ మాధ్యమాన్ని ఎంచుకోవడంలో ఒక లెక్క. మాధ్యమం ఎంపిక అంటే చూసేవాడి ఎంపిక కూడా. ఎచింగ్ కూడా అనేక ప్రతుల కళే. అద్దం బొమ్మ బజారు బొమ్మే. కాగితం మీద మిశ్రమ మాధ్యమానికి మాత్రం ఒకే ప్రతి, ఒకే సొంతదారు. ఈ ప్రయాణాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నప్పుడే మన అంచనా పూర్తవుతుంది.

సాహిత్య విద్యార్థులకు ఒక మాట. విష్ణుధర్మోత్తరంలోని చిత్రసూత్రంలో మార్కండేయుడు వజ్రుడికి నృత్తం తెలియనిదే చిత్రం తెలియదంటాడు. ఒక కళ తెలియడానికి పక్క కళ తెలిసివుండాలని మనవాళ్ళు ఏనాడో గుర్తించారు. ఎం.ఏ. తెలుగులో మనం రసం, ధ్వని, వక్రోక్తి చదువుకున్నాం. ఒక బొమ్మ ముందు పది నిమిషాలు నిలబడి ఏం చూడాలో ఎవరూ చెప్పలేదు. మన పత్రికలకు బొమ్మ కావలసింది అట్టకు మాత్రమే. మోహన్, చంద్రలాంటి వారు వేసిన అట్టల వల్ల ఎన్నో పుస్తకాలు చేతికి తీసుకోబుద్ధయ్యాయి. ఆ అట్టల మీద మనం రాసినవి ఎన్ని పేజీలు? సంజీవదేవ్ తుమ్మపూడిలో కూర్చుని రంగుల గురించి రాసినదాన్ని మనం సౌందర్యవాదమని పక్కనపెట్టాం, దానికి బదులుగా మనదైనది ఏదీ రాయలేదు.

మెప్పు మిత్రధర్మం, కాదనను. ముందుమాటల్లో, సన్మానసంచికల్లో అది కావలసినంత వుంది. ఆసిడ్ గీతను ఎంతసేపు తినాలో చూసుకుంటూ కాచుకున్న చెయ్యికి మనం ఇవ్వవలసింది అంతకంటే ఎక్కువ. ఏ గీత లోతుగా పడింది, ఏది పైపైన మిగిలింది, ఏ రంగు దేన్ని కప్పింది, కప్పడం వల్ల ఎవరికి సుఖమయింది – ఇవి అడగాలి. మిత్రుని వ్యాసాన్ని అచ్చుకు పంపమనే నేను సలహా ఇచ్చాను. ఈ ప్రశ్నలకు ఆయన సమాధానాలు కూడా చేర్చి పంపమని కోరాను. కనీసం, అందులో 'లొంగింది' అన్న మాటను కొట్టేయమన్నాను.